ఒంటి కన్ను, ఉమ్మడి నేల: వాస్తుశిల్ప బోధనలో మిశ్రమ వాస్తవం

వ్యాససంగ్రహం

వాస్తుశిల్ప విద్యలో ఉమ్మడి రూపకల్పనకు మిశ్రమ వాస్తవ సాంకేతికత మేలు చేస్తుందన్న వాదన రెండు దశాబ్దాలకు పైగా వినిపిస్తున్నది. ఆ వాదనను బంజారా హిల్స్, జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతాల నేల మీద, అక్కడి చలనచిత్ర నిర్మాణ పద్ధతుల వెలుగులో పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం. సినిమా వర్చువల్ ప్రొడక్షన్ వేదిక కెమెరా అనే ఒకే కంటికి లోబడిన కల్పన. వాస్తుశిల్పం పలు దేహాలు తిరుగాడే నేలకు సంబంధించినది. ఈ భేదాన్ని గుర్తించకుండా సాంకేతికతను తరగతి గదిలోకి తెచ్చుకుంటే ‘ఉమ్మడి’ అన్న మాట పేరుకే మిగులుతుందని వ్యాసం వాదిస్తుంది.

కీలకపదాలు: మిశ్రమ వాస్తవం, వాస్తుశిల్ప విద్య, ఉమ్మడి రూపకల్పన, వర్చువల్ ప్రొడక్షన్, బంజారా హిల్స్, ముగ్గు.

1. పదం, పరిధి

విద్యార్థులు దీనిని ‘మిక్స్‌డ్ రియాలిటీ’ అనే అంటారు. తెలుగులో ‘మిశ్రమ వాస్తవికత’ అన్న అనువాదం అక్కడక్కడ కనిపిస్తున్నది. సాహిత్య విమర్శతో పరిచయం ఉన్నవారికి ఈ మాట కొంత ఇబ్బంది కలిగిస్తుంది. వాస్తవికత అనగానే నవలా విమర్శలోని వాస్తవికతా వాదం, మాంత్రిక వాస్తవికత గుర్తుకు వస్తాయి. అవి రచనా పద్ధతులు. ఇక్కడ చర్చిస్తున్నది పద్ధతి కాదు, కంటి ముందు నిలిచే దృశ్యం. అందుచేత ‘మిశ్రమ వాస్తవం’ అన్న రూపమే ఈ వ్యాసంలో గ్రహించబడింది. అలాగే ‘వాస్తు’ అన్న మాట నేటి వ్యవహారంలో ఈశాన్యం, ఆగ్నేయం లెక్కలకే పరిమితమైపోయింది కనుక ఆర్కిటెక్చర్‌కు ‘వాస్తుశిల్పం’ అనడమే క్షేమం.

ఈ పదాన్ని పరిశోధనా లోకంలో స్థిరపరచినది 1994లో పాల్ మిల్‌గ్రామ్, ఫుమియో కిషినో ప్రచురించిన వర్గీకరణ వ్యాసం. ఒక చివర నిజమైన పరిసరం, మరొక చివర పూర్తిగా కల్పిత పరిసరం, నడుమ ఈ రెండూ పలు పాళ్లలో కలిసే మేర. ఆ మేర అంతటికీ వారు పెట్టిన పేరు మిశ్రమ వాస్తవం. ఈ వ్యాసాన్ని ఉదహరించనివారు అరుదు, చివరిదాకా చదివినవారు మాత్రం అంతకంటె తక్కువేమో అనిపిస్తుంది. ఎందుకంటే ఆ వర్గీకరణకు వారు మూడు కొలమానాలు ఎంచుకున్నారు: దృశ్యమానం అవుతున్న లోకం గురించి యంత్రానికి ఎంత తెలుసు, దృశ్యం ఎంత నమ్మకంగా పునఃసృష్టి అయింది, చూసేవాడికి తాను అక్కడే ఉన్నానన్న అనుభూతి ఎంత కలిగింది. మూడూ ఒక చూపరికి, ఒక తెరకు సంబంధించినవి. చూసేవారు ఎందరు, వారిలో ఎవరు దృశ్యాన్ని మార్చగలరు అన్న ప్రశ్నకు ఆ పటంలో చోటు లేదు. అది దాని దోషం కాదు, తెరల వర్గీకరణే వారి పని. కాని తెరల కోసం గీసిన పటాన్ని బోధనాశాస్త్రానికి పునాదిగా వాడుకున్న తరువాతి పరిశోధకుల విషయంలో మాత్రం ఇది దోషమే.

పలువురు కలిసి ఒకే కల్పిత వస్తువు చుట్టూ నిలబడే ప్రయోగాలు కూడా 1990లలోనే మొదలయ్యాయి. వియన్నాలో డీటర్ ష్మాల్‌స్టీగ్ బృందం చేసిన ‘స్టూడియర్‌ష్టూబె’, మార్క్ బిల్లింగ్‌హర్స్ట్ ‘షేర్డ్ స్పేస్’ ఆ కోవలోనివి. 1999లో ఎం.ఐ.టి.లో జాన్ అండర్‌కాఫ్లర్, హిరోషి ఇషి రూపొందించిన ‘అర్ప్’ అన్న బల్ల వీటన్నింటికంటె వాస్తుశిల్పానికి దగ్గరిది. బల్ల మీద భవనాల నమూనాలు పెడితే వాటి నీడలు, గాలి పోకడ పైనుంచి కాంతి రూపంలో ప్రసరిస్తాయి. నమూనాను చేతితో జరిపితే నీడా జరుగుతుంది. తలకు ఏ పరికరమూ తగిలించుకోనక్కరలేదు. బల్ల చుట్టూ ఉన్నవారందరికీ ఒకే నీడ కనిపిస్తుంది, ఎవరి చేయైనా నమూనాను అందుకోగలదు. 2009లో షియాంగ్యు వాంగ్, మార్క్ ఆరెల్ ష్నాబెల్ సంపాదకత్వంలో వాస్తుశిల్పం, రూపకల్పన, నిర్మాణాలలో మిశ్రమ వాస్తవం మీద సంకలనం వెలువడే నాటికి చర్చ తలకు ధరించే పరికరాల వైపు గట్టిగా మళ్లింది. బల్ల మీది ఉమ్మడితనం ఆ మళ్లింపులో కొంత జారిపోయింది.

2. రెండు స్టూడియోలు

స్టూడియో అన్న మాట ఈ కొండల మీద రెండు అర్థాలు ఇస్తుంది. బంజారా హిల్స్ అంచున, మాసబ్ ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉన్నది. 2008లో విశ్వవిద్యాలయంగా ఏర్పడిన ఈ సంస్థలో వాస్తుశిల్పం, ప్రణాళిక, చిత్రలేఖనం, శిల్పం, ఫోటోగ్రఫీ, యానిమేషన్ ఒకే గొడుగు కింద ఉన్నాయి. అక్కడ స్టూడియో అంటే అయిదేళ్ల బి.ఆర్క్. చదువుకు వెన్నెముక అయిన రూపకల్పన తరగతి. కొండ ఎక్కితే స్టూడియో అంటే సినిమా. 1970ల నడుమ అక్కినేని నాగేశ్వరరావు బంజారా హిల్స్ రాతినేల మీద నెలకొల్పిన అన్నపూర్ణ స్టూడియోస్, ఫిల్మ్ నగర్ ఎత్తున డి. రామానాయుడు కట్టిన స్టూడియో ఆ అర్థానికి చిరునామాలు. ఒకే మాట, కొద్ది కిలోమీటర్ల దూరం. రెండు చోట్లా పనివారు లేని లోకాన్ని ఊహించి, గీసి, కట్టి చూపుతారు. ఇంత దగ్గరితనం ఉన్నా ఈ రెండు స్టూడియోల పద్ధతులను పక్కపక్కన పెట్టి చూసిన తెలుగు రచనలు కనబడవు.

క్యూబ్ సినిమాతో కలిసి అన్నపూర్ణ స్టూడియోస్ ఇటీవలి సంవత్సరాలలో ‘ఏఎన్నార్ వర్చువల్ ప్రొడక్షన్ స్టేజ్’ను నెలకొల్పింది. మిశ్రమ వాస్తవం అన్న పేరు పెట్టకపోయినా తెలుగు నేలపై వృత్తిపరంగా రోజూ పనిచేసే మిశ్రమ వాస్తవానికి ఇదే దగ్గరి ఉదాహరణ. దాని పనితీరు క్లుప్తంగా ఇది. పెద్ద ఎల్.ఇ.డి. గోడ మీద త్రిమితీయ దృశ్యం ప్రసరిస్తుంది. గోడ ముందు నిజమైన సెట్టు ముక్క, నిజమైన నటులు. కెమెరా ఎక్కడున్నదో, ఎటు తిరిగిందో క్షణక్షణం గ్రహించే ఏర్పాటు ఉంటుంది. కెమెరా కదిలితే గోడ మీది దృశ్యం దానికి తగిన కోణంలో మారుతుంది. కెమెరా చట్రంలో పడే గోడ భాగం కెమెరా దృష్టికోణం నుంచి గీయబడుతుంది. మిగతా భాగం నటుల మీద, సెట్టు మీద పడవలసిన కాంతికి పనికివస్తుంది.

ఈ ఏర్పాటులోని బలం తోసిపుచ్చదగినది కాదు. పచ్చని తెర ముందు నటించే రోజుల్లో కళాదర్శకుడి ఊహ ఒకచోట, ఛాయాగ్రాహకుడి వెలుతురు మరొకచోట, గ్రాఫిక్స్ బృందం పని నెలల తరువాత ఇంకెక్కడో జరిగేవి. ఎల్.ఇ.డి. గోడ ముందు దర్శకుడు, ఛాయాగ్రాహకుడు, కళాదర్శకుడు, గ్రాఫిక్స్ పర్యవేక్షకుడు ఒకేసారి నిలబడాలి. కొండను కాస్త వెనక్కి జరపాలా, సాయంకాలపు ఎండను ముందుకు తేవాలా అన్నది అప్పటికప్పుడు తేల్చుకోవాలి. వాదులాటకు వస్తువు ఎదుటే ఉన్నది. ఈ విధంగా చూస్తే, ఉమ్మడి రూపకల్పనకు అవసరమైన మొదటి షరతు, అంటే అందరూ ఒకే వస్తువును చూడడం, ఇక్కడ నెరవేరినట్టే కనిపిస్తుంది.

‘కనిపిస్తుంది’ అనడానికి కారణమున్నది. గోడ మీది దృశ్యం సరిగా ఉండేది కెమెరా ఉన్న చోటు నుంచి మాత్రమే. పక్కన నిలబడిన కళాదర్శకుడి కంటికి స్తంభాలు వంగి, దూరాలు తప్పి కనిపిస్తాయి. అందుకే వారు గోడను చూసి నిర్ణయించరు, మానిటర్‌ను చూసి నిర్ణయిస్తారు. అంటే అక్కడ ఉమ్మడి వస్తువు లోకం కాదు, ఒక చట్రం. ఆ చట్రం ఎక్కడ పెట్టాలో చెప్పే హక్కు ఎవరిదన్నది సినిమా వృత్తిలో ముందే తేలిపోయిన విషయం. సినిమాకు ఇది లోపం కాదు. ప్రేక్షకుడు చూసేది ఆ చట్రమే గనుక ఒంటి కన్ను చాలు.

ఇది కొత్త సంగతి కూడా కాదు. 1957 నాటి ‘మాయాబజార్’కు మాధవపెద్ది గోఖలే, కళాధర్ కళాదర్శకులు, మార్కస్ బార్‌ట్లీ ఛాయాగ్రాహకుడు. ద్వారకా నగర దృశ్యానికి సూక్ష్మ నమూనాలు కట్టి, దీపాలు అమర్చి, కెమెరా ఉన్న చోటు నుంచి అది మహానగరంలా తోచేటట్టు చేశారు. ఒక అడుగు పక్కకు జరిగితే అది అట్టముక్కల బొమ్మరిల్లు. అదే చిత్రకథలో ఘటోత్కచుడి పరివారం కలిసికట్టుగా ఒక మాయానగరాన్ని కడుతుంది. తెలుగు తెర మీద ఉమ్మడి రూపకల్పనకు అంత హుషారైన దృశ్యం మరొకటి ఉండకపోవచ్చు. కాని ఆ నగరంలో అడుగుపెట్టిన పెళ్లివారికి దాన్ని మార్చే వీలు లేదు. వారు మోసపోవడానికే అది కట్టబడింది. భారత కథలో మయుడు నిర్మించిన సభ సంగతీ అంతే. నేల అనుకుని నీటిలో కాలుపెట్టిన దుర్యోధనుడు ఆ కట్టడాన్ని అనుభవించినవాడే గాని రూపకల్పనలో భాగస్వామి కాడు. అనుభవింపజేయడానికీ పాల్గొననివ్వడానికీ మధ్యనున్న ఈ దూరాన్నే మిశ్రమ వాస్తవం మీద వెలువడే ఉత్సాహపూరిత రచనలు తరచు మరచిపోతాయి.

ఒంటి కంటికి ప్రత్యామ్నాయం సాంకేతిక చరిత్రలో లేకపోలేదు. 1990లలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తకెయో కనాడే బృందం 51 కెమెరాలను గోళాకారపు చట్రానికి అమర్చి, లోపల జరిగేదాన్ని ఏ కోణం నుంచైనా తిరిగి చూడగలిగే ‘వర్చువలైజ్డ్ రియాలిటీ’ని రూపొందించింది. ఆ పరిశోధనలో పాలుపంచుకున్న పి.జె. నారాయణన్ తరువాత హైదరాబాద్ ట్రిపుల్ ఐటీకి డైరెక్టర్ అయ్యారు. దృశ్యం ఎవరి కంటికి లోబడి ఉండాలన్న ప్రశ్న ఈ నగరపు పరిశోధనా వారసత్వంలోనే ఉన్నదని గుర్తించడం అవసరం.

3. క్విస్ట్, పెట్రా, ఏటవాలు నేల

వాస్తుశిల్ప బోధన మీద రాసే ప్రతివారూ ఆశ్రయించే గ్రంథం డొనాల్డ్ షోన్ 1983లో ప్రచురించిన ‘ది రిఫ్లెక్టివ్ ప్రాక్టిషనర్’. అందులో పెట్రా అనే విద్యార్థిని ఒక పాఠశాల భవనాన్ని రూపొందిస్తూ ఏటవాలు నేల దగ్గర చిక్కుకుపోతుంది. తాను అనుకున్న ఆకారం ఆ నేలలో ఇమడదు. క్విస్ట్ అనే అధ్యాపకుడు ఆమె కాగితాల మీద పల్చని కాగితం పరచి, గీస్తూ, మాట్లాడుతూ దారి చూపుతాడు. గీత లేకుండా మాట అర్థం కాదు, మాట లేకుండా గీత అర్థం కాదు. ఈ జంట వ్యవహారాన్నే షోన్ రూపకల్పన భాష అన్నాడు.

మిశ్రమ వాస్తవ సమర్థకులు ఇక్కడి నుంచే తమ వాదన అల్లుతారు. కాగితం స్థానంలో త్రిమితీయ నమూనా ఉంటే, గురుశిష్యులిద్దరూ దాని చుట్టూ తిరుగుతూ మాట్లాడుకుంటే, సంభాషణ మరింత సమృద్ధమవుతుందంటారు. కొంతవరకు నిజమే. కాని ఆ దృశ్యాన్ని మళ్లీ చదివితే అక్కడ మాట్లాడేది ఎక్కువగా క్విస్టే, గీసేదీ అతడే. పెట్రా నోట వెలువడేవి పొడి మాటలు. 2008లో హెలెనా వెబ్‌స్టర్ షోన్ తరువాతి వాస్తుశిల్ప విద్యను సమీక్షిస్తూ, స్టూడియోలోని అధికార సంబంధాలను ఆయన పట్టించుకోలేదని ఎత్తిచూపింది. అసమానమైన సంభాషణను త్రిమితీయంగా మార్చినంత మాత్రాన అది సమానం కాదు. అధ్యాపకుడు నమూనాను తిప్పుతుంటే ఆరుగురు విద్యార్థులు పరికరాలు ధరించి చూస్తూ నిలబడితే, అది క్విస్ట్ పల్చని కాగితానికి ఖరీదైన రూపం మాత్రమే.

హైదరాబాద్ స్టూడియోలలో ఈ అసమానతకు మరొక పొర ఉన్నది. జ్యూరీ ఇంగ్లిష్‌లో నడుస్తుంది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థికి నేల గురించి తెలిసిన మాటలు మెరక, పల్లం, ఎగువ, దిగువ, గట్టు, వాలు, వంపు. వాటిలో పొలానికి నీరు ఎటు పారుతుందో తెలిసిన కుటుంబాల జ్ఞానమంతా ఉన్నది. జ్యూరీ ముందు అవన్నీ ‘స్లోప్’ అన్న ఒక్క మాటలోకి కుదించుకుపోతాయి. ఈ విషయంలో మాత్రం మిశ్రమ వాస్తవానికి నిజమైన అవకాశం ఉన్నదని ఒప్పుకోవాలి. ఎదుట నిలిచిన రూపం వైపు చేయి చాపి ‘ఇదిగో, ఇక్కడ పల్లం, వాన నీరు ఇటు వస్తుంది, గోడను కాస్త ఎగువకు జరపాలి’ అన్నప్పుడు సైగ, మాట, వస్తువు ఒకేచోట కలుస్తాయి. నిర్దేశక పదాలకు అనువాదం అక్కరలేదు. పరభాషలో వాక్యం కూర్చుకోలేక వెనుకబడిన విద్యార్థి రూపకల్పనలో వెనుకబడనక్కరలేదు. ఉమ్మడి పని గురించిన వాదనలలో అన్నిటికంటె బలమైనది ఇదే కావలసినది. ఆశ్చర్యమేమంటే పరికరాల గురించి పేజీలకు పేజీలు రాసేవారు తరగతి గది భాష గురించి ఒక్క పేరా రాయరు.

4. కాంటూరులో పట్టని రాయి

బంజారా హిల్స్ నేల వాస్తుశిల్ప విద్యార్థికి పాఠ్యగ్రంథం వంటిది. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు ఇక్కడ కోసుకుపోయి, పగిలి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలిచింది. 1930ల నాటికే మెహదీ నవాజ్ జంగ్ ఇక్కడ బండలను తొలగించకుండా వాటినే గోడలుగా, ఆసరాలుగా కలుపుకొని తన ‘బంజారా భవన్’ కట్టించుకున్నారు. 1933లో హైదరాబాద్ వచ్చిన రవీంద్రనాథ్ టాగూర్‌కు ఆయన ఆతిథ్యమిచ్చారు. ఆ పద్ధతి కొనసాగలేదు. తరువాతి కాలం రాయిని పేల్చి నేల చదును చేసుకున్నది. 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ ఏర్పడవలసి వచ్చింది. హుడా నియమావళిలోని 13వ నిబంధన కింద రక్షణ పొందిన శిలారూపాలలో ఫిల్మ్ నగర్ దగ్గరి ‘మాన్‌స్టర్ రాక్’, జూబిలీ హిల్స్ ‘ఒబెలిస్క్’, బ్లూక్రాస్ పక్కనున్న ‘టోడ్‌స్టూల్’ ఉన్నాయి.

టోడ్‌స్టూల్ అంటే పుట్టగొడుగు. సన్నని కాడ మీద వెడల్పైన తల. ఇటువంటి రాయిని కాంటూరు పటం చూపలేదు. కాంటూరు గీత ఒక బిందువుకు ఒకే ఎత్తును చెప్పగలదు. పుట్టగొడుగు గొడుగు కింద నిలబడిన మనిషికి కాళ్ల కింద ఒక ఎత్తు, తల పైన మరొక ఎత్తు. సర్వే పటంలో రెండవది మాయమవుతుంది. పటంలో లేనిది కంప్యూటర్ నమూనాలో ఉండదు, నమూనాలో లేనిది రూపకల్పనలో అడ్డు రాదు, అడ్డు రానిది నిర్మాణ సమయంలో యంత్రాల కింద పోతుంది. కాగితం మీది ఈ చిన్న అశక్తత కొండల మీద ఎంత నష్టానికి దారితీసిందో బంజారా హిల్స్‌లో నడిచేవారికి కనిపిస్తూనే ఉంటుంది.

లేజర్ స్కానింగ్‌తోనో, డ్రోన్ ఛాయాచిత్రాల నుంచి కూర్చిన బిందు సముదాయంతోనో రాయిని దాని పూర్తి ఆకారంలో పట్టుకోవచ్చు. దానిని తరగతిలో మిశ్రమ వాస్తవంగా నిలిపి, నలుగురు విద్యార్థులు దాని చుట్టూ, కిందా తిరుగుతూ ఇల్లు ఎక్కడ మోపాలో చర్చించుకోవచ్చు. ఇది కాగితం చేయలేని పని. అయితే పరికరాల స్వభావం ఈ ఆశకు అడ్డుకట్ట వేస్తుంది. పారదర్శక అద్దాల హోలోలెన్స్ వంటి పరికరాలలో ఎండ పడితే కల్పిత రూపం వెలిసిపోతుంది. పరారుణ కాంతితో లోతు కొలిచే సెన్సార్లు కూడా పగటి ఎండలో తడబడతాయి. హోలోలెన్స్ తొలి రూపంలో దృశ్యం కనిపించే కోణం కర్ణరేఖ వెంట సుమారు 34 డిగ్రీలు, 2019 నాటి రెండవ రూపంలో 52. గొడుగు రాయి కింద నిలబడి తల పైకెత్తితే కల్పిత కప్పులో ఒక కిటికీ అంత ముక్కే కనిపిస్తుంది. ఫలితంగా నేలను తెలుసుకోవడానికి రావలసిన సాధనం విద్యార్థిని నేల నుంచి చల్లని గదిలోకి తీసుకుపోతుంది. రాయి అక్కడే, మాసబ్ ట్యాంక్‌కు కొద్ది నిమిషాల దూరంలో ఉన్నది. వెళ్లి దాని వేడిని అరచేతితో తాకకుండా బిందు సముదాయం చుట్టూ తిరిగే విద్యార్థి మిశ్రమ వాస్తవంలో ‘వాస్తవం’ భాగాన్ని వదులుకున్నవాడే.

5. అమరావతి: ఒక కిరణం కథ

సినిమా ఊహా వాస్తుశిల్పమూ తెలుగునాట ముఖాముఖి తలపడిన సందర్భం ఒకటున్నది. 2017లో అమరావతి శాసనసభ భవనానికి నార్మన్ ఫోస్టర్ సంస్థ ఇచ్చిన నమూనాలపై అసంతృప్తి వ్యక్తమైనప్పుడు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దర్శకుడు ఎస్.ఎస్. రాజమౌళి సలహా కోరింది. తాను రూపశిల్పిని కాననీ, ఫోస్టర్ బృందపు నమూనాలు ఉన్నతమైనవేననీ ఆయన బహిరంగంగానే చెప్పారు. లండన్ వెళ్లి ఆ బృందంతో చర్చించారు. ఉదయపు సూర్యకిరణాలు అద్దాల మీదుగా ప్రతిఫలించి శాసనసభ మధ్యమందిరంలోని తెలుగుతల్లి విగ్రహాన్ని తాకాలన్న ఆలోచనను యానిమేషన్ వీడియోగా ప్రజల ముందు పెట్టారు. అప్పట్లో దీని మీద వచ్చిన పరిహాసం, పొగడ్త రెండూ అనవసరమైనవి. సినిమా దర్శకుడికి భవనాలతో పనేమిటని నవ్వినవారు కథ చెప్పడం కూడా భవనం పనేనని మరచారు. పొగిడినవారు ఒక వీడియోను రూపకల్పనగా పొరబడ్డారు.

నిలిపి అడగవలసిన ప్రశ్న వేరు: ఆ కిరణం ఏడాదిలో ఏ రోజున పడుతుంది? అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయంలో సూర్యకాంతి మూలవిరాట్టును తాకేది మార్చిలోనూ, అక్టోబరు ఆరంభంలోనూ కొద్ది రోజులే. ఈ రెండు సమయాలూ డిసెంబరు నాటి అయనాంతానికి ఇరువైపులా ఇంచుమించు సమాన దూరంలో ఉన్నాయి. ఆకాశంలో సూర్యుడి దారి ఒకే చోటికి తిరిగివచ్చే రోజులవి. మిగతా రోజుల్లో దారి మారుతుంది, ఏడాది మొత్తం మీద ఆ మార్పు సుమారు 47 డిగ్రీలు. కదలని అద్దం కొద్ది రోజులకే పనికివస్తుంది. ప్రతిరోజూ కిరణం విగ్రహం మీదనే పడాలంటే సూర్యుణ్ణి అనుసరించి తిరిగే అద్దం కావాలి. మబ్బు పట్టిన ఆషాఢ శ్రావణాల సంగతి వేరే. వీడియో ఒక ఉదయాన్ని చూపుతుంది. అది దాని పరిధి, సినిమా అడిగేదీ అంతే. భవనం ఏడాదిలోని అన్ని ఉదయాలకూ బాధ్యత వహించాలి.

తరగతికి ఇంతకంటె మంచి అభ్యాసం దొరకదు. పది మంది విద్యార్థులు ఉమ్మడి నమూనా చుట్టూ నిలబడి, ఒకరు తేదీని జరుపుతూ, ఒకరు అద్దాన్ని తిప్పుతూ, ఒకరు ద్వారాన్ని ఎత్తుతూ కిరణం ఎప్పుడు తప్పిపోతున్నదో తామే పట్టుకోవచ్చు. ఎం.ఐ.టి. బల్ల మీద నీడలతో చేసిన పని సరిగ్గా ఇదే. ఇక్కడ మిశ్రమ వాస్తవం ఒప్పించే సాధనంగా గాక పరీక్షించే సాధనంగా మారుతుంది. ఒక ఊహ అందంగా ఉందా అని అడగడం మానివేసి, అది ఎక్కడ విరుగుతుంది అని అడగడం మొదలవుతుంది. రాజమౌళి ఆలోచన అటువంటి పరీక్షకు తగినంత బలమైనది కనుకనే ఇంత చర్చ. వాద్య, దృశ్య వైభవంతో వచ్చే చాలా విద్యార్థి ప్రాజెక్టులకు ఆ మాత్రపు ఊహ కూడా ఉండదు.

6. ముగ్గు పోయడం

తెలుగు ఊళ్లలో ఇల్లు కట్టేముందు నేల మీద ముగ్గు పోస్తారు. మేస్త్రి తాడు లాగి, మూలమట్టం సరిచూసి, సున్నపు పొడితో గోడల గీతలు అసలు కొలతలోనే నేల మీద వేస్తాడు. తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ల పథకంలో నేటికీ ‘ముగ్గు పోసుకోవడం’ నిర్మాణానికి తొలి మెట్టు. గీత పడగానే ఇంటివారు లోపలికి నడుస్తారు. ఇది వంటగది, ఇక్కడ పొయ్యి, ఇటు తలుపు తీస్తే వీధి కనిపిస్తుందా అని చూసుకుంటారు. ముసలామె గది చిన్నదంటుంది. మేస్త్రి కాలితో గీతను చెరిపి, అర అడుగు జరిపి, మళ్లీ పోస్తాడు. నిజమైన నేల, కల్పిత గోడలు, అసలు కొలత, పలువురు పాల్గొనేవారు, చెరపడానికి వీలైన గీత. మిల్‌గ్రామ్ పటంలో దీనికి చోటు సులభంగానే దొరుకుతుంది. పరికరం ఖర్చు ఒక బస్తా సున్నం.

ఈ పోలిక సాంకేతికతను చిన్నబుచ్చడానికి కాదు. ముగ్గుకు ఎత్తు లేదు, కప్పు లేదు, నీడ లేదు. రెండంతస్తుల సంగతి అది చెప్పలేదు. ఏటవాలు బండ మీద సున్నం నిలవదు. ఈ కొరతలను తీర్చగలిగితే మిశ్రమ వాస్తవం ముగ్గుకు నిజమైన వారసురాలు. కాని ముగ్గులోని ఒక గుణాన్ని అది పోగొట్టుకోరాదు. అక్కడ గీతను చెరపమనే హక్కు ఇంట్లో ఉండబోయే ముసలామెకు ఉన్నది, చెరిపే నేర్పు మేస్త్రికి ఉన్నది. నేటి విద్యాసంస్థల ప్రయోగాలలో ‘ఉమ్మడి’ అంటే సాధారణంగా ఒకే తరగతిలోని విద్యార్థులు. మేస్త్రి లేడు, రాయి కొట్టే వడ్డెర పనివాడు లేడు, ఉండబోయేవారు లేరు. 2019 టాలిన్ వాస్తుశిల్ప ద్వైవార్షికోత్సవంలో ఫోలోగ్రామ్ బృందం సూమీన్ హామ్, ఇగోర్ పాంటిక్‌లతో కలిసి కట్టిన ‘స్టీమ్‌పంక్’ మండపం ఈ దృష్టితో గమనించదగినది. ఆవిరితో మెత్తబరచిన కర్రను కట్టేవారు హోలోలెన్స్‌లో కనిపించే ఆకారానికి తగినట్టు చేతులతోనే వంచారు. కొలతల షీట్లు ముందు పెట్టుకొని కాదు, కంటి ముందున్న గీతను చూస్తూ. కర్ర వంగనని మొరాయించిన చోట చేతి నిర్ణయమే నిలిచింది.

ఫిల్మ్ నగర్ సెట్టు పనివారికి ఇటువంటి చదువు కొత్త కాదు. వడ్రంగులు, మోల్డింగ్ పనివారు, పెయింటర్లు కళాదర్శకుడి చిత్రాన్ని చూసి నేల మీద సుద్దతో అసలు కొలత గీసుకొని పని మొదలుపెట్టగలరు. ఇరవైనాలుగు క్రాఫ్టులలో వారి పేర్లు తెర మీద చివరన, వేగంగా పోతాయి. మాసబ్ ట్యాంక్ స్టూడియో వారిలో ఒకరిని జ్యూరీకి పిలిచి, విద్యార్థుల కల్పిత గోడల నడుమ నిలబెట్టి ‘ఇది నిలుస్తుందా’ అని తెలుగులో అడగడానికి ఏ ఎల్.ఇ.డి. గోడా అవసరం లేదు, ఒక పరికరం చాలు.

7. మూల్యాంకనం చిక్కు

మిగిలినది పరిపాలన ప్రశ్నలా కనిపించినా నిజానికి బోధన ప్రశ్నే. పరీక్షా విధానం షీట్లనూ నమూనాలనూ అడుగుతుంది. షీటు మీద ఒక పేరుంటుంది. మిశ్రమ వాస్తవ సమావేశంలో గోడను ఎవరు జరిపారు, ఎవరు వద్దన్నారు, ఎవరి మాటతో కప్పు తగ్గింది అన్నది షీటు మీద పడదు. సాఫ్ట్‌వేర్ ప్రతి కదలికనూ నమోదు చేయగలదు. ఆ నమోదును మార్కులకు వాడితే విద్యార్థులు ఆలోచించడం మాని కదలికలు పెంచుకుంటారు. వాడకపోతే ఉమ్మడి పనికి విలువ లేదని అర్థమవుతుంది. నడిమి దారి ఒకటి కనబడుతున్నది: సమావేశం ముగిశాక ప్రతి విద్యార్థీ తాను వదులుకున్న ఒక ఊహ గురించి, ఎవరి మాట విని దాన్ని వదులుకున్నాడో చేర్చి, తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో ఒక పేజీ రాయడం. ఆ పేజీని దిద్దడానికి అధ్యాపకుడికి సాంకేతిక జ్ఞానం కన్న ఓపిక ఎక్కువ కావాలి.

పరికరం కొనుగోలు చేసే సంస్థలు ఇంకొక సంగతి గమనించాలి. ఈ రంగంలోని పరిశోధనలలో ఎక్కువగా వాడిన పరికరాలలో ఒకటైన హోలోలెన్స్ 2 ఉత్పత్తిని మైక్రోసాఫ్ట్ ఆపివేసినట్టు 2024 అక్టోబరులో వెల్లడైంది. అదే పరికరాన్ని నమ్ముకొని పాఠ్యప్రణాళిక రాసుకున్న విభాగం ఇప్పుడు దాన్ని తిరగరాయాలి. పరికరం పేరు గాక పని పేరు మీద, అంటే నీడ పరీక్ష, రాతి కొలత, ఉమ్మడి చెరిపివేత అన్న పనుల పేర్ల మీద, రాసుకున్న పాఠ్యప్రణాళికకు ఆ అవసరం రాదు. వచ్చే ఏడాది ఏ కంపెనీ ఏ పరికరం ఆపినా, బ్లూక్రాస్ పక్కనున్న పుట్టగొడుగు రాయి కింద ఆ పాఠం సున్నపు పొడితోనైనా జరుగుతుంది.